హెక్టారు లెక్క వాళ్ళది, గంటల లెక్క మనది

2021 నవంబరు గుర్తుందా? కోలారు, చిక్కబళ్ళాపురం పక్క వాళ్ళకు మరిచిపోయే నెల కాదు అది. ఏండ్ల తరబడి ఎండి, సర్కారు తుమ్మ మొలిచిన చెరువులు కూడా కోడి పారినాయి. పాలారులో నీళ్ళే చూడని పిల్లలు గట్టు మీద నిలబడి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. చెరువు నిండిందని తెప్ప కట్టి పూజ చేసిన ఊర్లూ ఉన్నాయి. అదే ఊర్లలో కోతకొచ్చిన రాగి నేల మీద పడి మొలకెత్తింది.

మా ఇంట్లో అప్పుడు 200 గుడ్ల పురుగు నాలుగో జ్వరం లేచి మూడో రోజు. ఆ దశ అంటే ఏమో మీకు నేను చెప్పేదేముంది. పురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టేదాకా తినే మేతలో నూటికి 80 పాళ్ళు పైనే ఆ ఏడు దినాల్లో తింటుంది. చాకీలో ఒక పూట తేడా వస్తే ఎట్లనో సర్దుకోవచ్చు. ఐదో దశలో షెడ్డులోకి పోతే వాన చప్పుడేదో, పురుగు ఆకు నమిలే చప్పుడేదో తెలియదు. అట్లాంటప్పుడు మూడు దినాలు తెరపి లేని వాన. కరెంటు మొదటి రాత్రే పోయింది.

ఆ రాత్రి షెడ్డులో లాంతరు పెట్టుకొని మా చిన్నాయన, మా తమ్ముడు కొట్లాడుకున్నారు.

చిన్నాయన అన్నాడు: "సర్కారును నమ్ముకొని పురుగు పెట్టినామా? మన ఆకు, మన పురుగు, మన కష్టం. పోతే మనది పోయింది. మాటలు చాలు, పోయి కొమ్మ కొయ్యి పోరా."

తమ్ముడు ఒప్పుకోలేదు. "ఇదేమన్నా మనం చేసిన తప్పా చిన్నాయనా? ఇంత వాన పడితే కూడా గవర్నమెంటు రాకపోతే అది ఉండేది ఎందుకు? ఫోటోలు తీసి పెడదాం. పరిహారం అడగాల."

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. పురుగు తల పైకెత్తి మేత కోసం చూస్తా ఉంటే వీళ్ళ వాదం ఏంది అని. ఇన్నేండ్లకు ఆలోచిస్తే, ఆ వాదం తేల్చుకోకుండానే మనమందరం ప్రతి వానకూ పురుగు పెడతా ఉన్నామనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు చిన్నాయన మాట. ఆ రాత్రికి అది పూర్తిగా నిజం. తహసీల్దారు ఎంత మంచోడైనా తెల్లవారేలోగా మన షెడ్డుకు పొడి ఆకు పంపలేడు. మేము వానలోనే కొమ్మలు కోసినాం. విదిలించి వరండా గోడకు నిలబెట్టినాం. మా అమ్మ, మా ఆడోళ్ళు పాత చీరలు పరిచి ఆకు మీద నీళ్ళు ఒత్తి తీసినారు. తడి ఆకు వేస్తే పడక చెమ్మ పట్టి సప్పె రోగం, పాలరోగం వస్తాయి. దానికి చలి తోడైతే సున్నకట్టు. తడి మేత వేసేదానికంటే ఒక పూట పస్తు పెట్టేదే మేలని చిన్నాయన తీర్మానం చేసినాడు. మేతకు ముందు పడక మీద పొడి సున్నం చల్లినాం. పడకలు పలచన చేసినాం. గాలి తగలాలని, వాన జల్లు కొట్టని పక్క కిటికీలు తెరిచినాం. ఎప్పుడూ 140 కిలోల దాకా గూళ్ళు దించే మేము ఆ సారి 90 కిలోలతో బయటపడినాం. అదే మాకు గొప్ప.

పక్క తోట అక్క కథ వేరే.

ఆమెది 30 గుంటల మల్బరీ, మట్టి గోడల షెడ్డు, 150 గుడ్ల పురుగు. జాగ్రత్తలో ఆమె మాకంటే రెండు ఆకులు ఎక్కువే చదివింది. సున్నం మూట మేము ఆమె దగ్గరే అప్పు తెచ్చుకున్నాం. చెరువు కోడి నీళ్ళు పోయే రాజకాలువ పూడు నిండి, గట్లు రెండు పక్కలా చెరుగుకొని సేద్యం చేసేసినందున, కాలువ ఉండే చోట కాలిబాట అంత సందు మిగిలింది. నీళ్ళకు దారి లేక ఆమె తోటలోకి దిగినాయి. రెండో రాత్రి షెడ్డు గోడ నాని, స్టాండ్ల మీద పడింది. మనిషికి దెబ్బ తగలలేదు, దేవుడి దయ. పురుగంతా మట్టిలో పోయింది.

ఆమె ఏ జాగ్రత్త తప్పింది? నేను చాలాసార్లు ఆలోచించినా. ఒక్కటీ కనపడలేదు. కాలువ తీయించేది ఆమె ఒక్కదాని చేతిలో ఉండే పని కాదు. ఆ కాలువ పూడిపోయేది ఊరంతా చూసింది, మేమూ చూసినాం. ఒక్క అర్జీ రాసినోడు లేడు. చిన్నాయన కూడా ఆ మాట ఎత్తితే తల దించుకుంటాడు.

ఇంక తమ్ముడి మాట, పరిహారం. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, లెక్క ఉంది.

విపత్తు పరిహారం అనేది అధికారి దయ కాదు, దానికి ఒక పట్టిక ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి అని ఒకటి. మన కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలో ఆ నిధిలో వందకు 75 రూపాయలు కేంద్రం, 25 రాష్ట్రం వేస్తాయి. దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోం శాఖ రాసి పెట్టింది. పంట 33 శాతం, ఆ పైన పోయుండాల. 2021లో ఆ పట్టికలో మల్బరీకి హెక్టారుకు 4,800 రూపాయలు. 2022లో పట్టిక మార్చినారు, అది 6,000 అయింది.

అక్క తోట 30 గుంటలు, అంటే ముప్పావు ఎకరా, హెక్టారులో మూడో వంతు కూడా కాదు. పాత పట్టిక ప్రకారం ఆమెకు రావాల్సింది సుమారు 1,450 రూపాయలు. కొత్త పట్టికతో లెక్కేసినా 1,820. ఆ 150 గుడ్ల చాకీ కొన్న దుడ్డుకు కూడా చాలదు.

గమనించండి, అది హెక్టారు లెక్క. తోట ఎంత, నీళ్ళు ఎంత మేర నిలిచినాయి అని చూసే లెక్క. స్టాండ్ల మీద ఉండిన పురుగు దాంట్లో ఎక్కడా లేదు. 150 గుడ్లు ఐదో దశలో పోయినా, షెడ్డు ఖాళీగా ఉన్నా కాగితం మీద నష్టం ఒకటే. ఇల్లు పడితే ఒక వరుస ఉంది, గుడిసె కాలితే ఉంది, ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000 ఉంది. పురుగుల షెడ్డు అనే మాట లేదు. ఇంకొకటి చూడండి. ఏండ్ల తరబడి నిలిచే తోటలకు హెక్టారుకు 22,500 అని వేరే వరుస ఉంది. మల్బరీ పదిహేనేండ్లు నిలిచే చెట్టే కదా! దాన్ని మాత్రం పట్టు అని విడదీసి 6,000 గడిలో పెట్టినారు.

అక్కకు ఆ 1,450 కూడా రాలేదు. ఎందుకంటే పహణీలో ఆ సర్వే నంబరుకు పంట రాగి అని ఉంది. మల్బరీ పెట్టి ఆరేండ్లయినా ఎవరూ మార్చలేదు. చూడను వచ్చినాయన మంచిగానే మాట్లాడినాడు. "కాగితంలో రాగి, తోటలో మల్బరీ, నేనేం రాసేదమ్మా" అన్నాడు. రాగి పరిహారం రాలేదు, మల్బరీదీ రాలేదు. వేడుక ఏమంటే, ఆ డిసెంబరులో కర్ణాటక సర్కారు తన దుడ్డు కలిపి పరిహారం పెంచింది. వానాధార పంటకు హెక్టారుకు 6,800 ఉండేది 13,600 అయింది, నీటి పంటకు 13,500 ఉండేది 25,000. అంటే ఆమె తోటలో నిజంగానే రాగి ఉండి పోయుంటే 4,000 పైన వచ్చుండేది. నవ్వాలో ఏడవాలో తెలియదు. కానీ దాంట్లో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. కేంద్రం పట్టిక అడుగు మట్టం మాత్రమే. రాష్ట్రం తలచుకుంటే దాని మీద వేసి ఇవ్వగలదు, ఇచ్చింది కూడా.

అందుకే తమ్ముడితో నేను ఇప్పుడు అనేది: పరిహారం అడగాల, తప్పకుండా అడగాల, కానీ వాన పడినాక మొదలుపెట్టే పని కాదు అది. పహణీలో పంట సరిగా ఉందా చూసుకోండి. కర్ణాటకలో బెళె సమీక్షె వచ్చినప్పుడు మన ఫోన్లో మనమే మల్బరీ అని ఎక్కించవచ్చు. ఫ్రూట్స్ నమోదులో అన్ని సర్వే నంబర్లూ చేరినాయా అడగండి. హోసూరు, కృష్ణగిరి పక్క వాళ్ళు అడంగల్‌లో ఏముందో వి.ఏ.ఓ. దగ్గర చూడండి. చాకీ తెచ్చిన రశీదు పారేయకండి, ఎన్ని గుడ్లు, ఏ తేదీ అని చెప్పే కాగితం అదొక్కటే. తోటలో ఇసుకో ఒండ్రో 3 అంగుళాలకు మించి మేట వేస్తే, చిన్న, సన్నకారు రైతుకు దాన్ని తీయించేదానికి హెక్టారుకు 18,000 అని అదే పట్టికలో ఉంది. మాలో చాలామందికి అది తెలియనే తెలియదు. మేట ఎత్తేసినాక పోయి అడిగితే చూపించేదానికి ఏమీ ఉండదు. ముందు కొలబద్ద పెట్టి ఫోటో తీయండి.

ఒక విషయంలో మాత్రం నేను ఎవరినీ మన్నించను. వాన తగ్గినాక చచ్చిన పురుగును తీసి కాలువలో పారేసిన వాళ్ళున్నారు. రోగం పురుగు నీళ్ళతో పాటు కింది ఊరి తోటలకు పోయింది. తరువాతి పంట అక్కడ పాలరోగంతో పోతే దానికి ఏ సర్కారును అడిగేది? గుంత తీసి, బ్లీచింగ్ పొడి చల్లి పూడ్చాల, లేదా కాల్చాల. షెడ్డును 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం నీళ్ళతో కడగాల. అది మన బాధ్యతే, దాంట్లో వాదం లేదు.

అట్లని అంతా మన బాధ్యతే అనేవాళ్ళకు ఊత్తంగరై చూపిస్తా. 2024లో ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, బలం తగ్గినాక కృష్ణగిరి జిల్లా మీదికి వచ్చింది. డిసెంబరు 1, 2 తేదీల మధ్య ఒక్క దినంలో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన. చెరువు పొంగి, రోడ్డు మీద నిలిపిన కార్లు, వ్యాన్లు బొమ్మల్లాగా కొట్టుకుపోయినాయి. సముద్రం ఎక్కడ, ఊత్తంగరై ఎక్కడ! అక్కడ సున్నం మూట పెట్టుకున్నోడూ, పెట్టుకోనోడూ ఒకటే. అట్లాంటి నీళ్ళను ఆపేది చెరువు కట్ట, తూము, కాలువ. అవి ఒక ఇంటి పని కావు.

ఒడిశాలో బరంపురం పక్క ఉండే మనోళ్ళకు ఇంకొక పక్క తెలుసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోగా సర్కారు లక్షల మందిని ముందే కదిలించింది. 1999 తుపానులో వేలమంది చచ్చిన రాష్ట్రంలో ఆ సారి చావులు పదుల్లోనే ఆగినాయి. ఇండ్లు పోయినాయి, పంట పోయింది, మనుషులు మిగిలినారు. ఆ పని ఏ రైతు ఒక్కడూ చేయగలిగేది కాదు. కానీ బస్సు వచ్చినప్పుడు ఎక్కాల్సింది మనిషే కదా. ఎద్దును వదిలి రానని కూర్చుంటే బస్సు ఏం చేస్తుంది.

మా పక్క ఇప్పుడు ఏం మారిందంటే, పెద్దగా ఏమీ లేదు, కొంచెం. ఈశాన్య వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయని తెలిసి కూడా మేము ముందు లెక్క చూసేవాళ్ళం కాదు. ఇప్పుడు నవంబరులో మా షెడ్డు, అక్క షెడ్డు ఒకే తేదీకి చాకీ తేవు. పది దినాలు తేడా పెట్టుకుంటాం. ఒకరి పురుగు ఐదో దశలో ఉన్నప్పుడు ఇంకొకరి తోటలో ఆకు మిగిలి ఉంటుంది. మేఘదూత్ యాప్‌లో ఐదు దినాల వాన సూచన తమ్ముడు చూస్తాడు. చిన్నాయన దాన్ని నమ్మడు గానీ, "ఏమంటా ఉందిరా నీ మేఘం" అని దినమూ అడుగుతాడు. వాన వస్తుందంటే ఒక దినం ముందే కొమ్మలు కోసి నీడలో పెట్టి, తడి గోనెపట్ట కప్పి ఉంచుతాం. పెద్ద పురుగుకు ఒక దినం ఆకు అట్ల నిలుస్తుంది.

పట్టిక సంగతి మాత్రం మనమందరం కలిసి అడగాల్సింది. 2022లో మార్చింది 2025-26 దాకా అని రాసిన పట్టిక. తరువాతి దాంట్లోనైనా పురుగుకు గుడ్ల లెక్కన ఒక వరుస, షెడ్డుకు ఒక వరుస, మల్బరీని నిలిచే తోటల్లో చేర్చడం, ఈ మూడూ అడగొచ్చు. గ్రామ సభలో తీర్మానం రాయించండి, పట్టు శాఖ ఆఫీసులో ఇవ్వండి, ఎమ్మెల్యేకు ఒక కాపీ. నోటితో చెప్పి రావద్దు. కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి.

అక్క రెండేండ్లకు మళ్ళీ షెడ్డు కట్టింది. సిమెంటు ఇటుక, అడుగు మూడడుగుల రాతి కట్టు. అప్పు ఇంకా తీరలేదు. పోయిన వానకు తెల్లవారుజాము నాలుగున్నరకు ఫోన్ చేసింది, "ఆకు ఉందా తమ్ముడూ?" అని. పది మోపులు కోసి పెట్టినాం. ఇచ్చి వచ్చేటప్పుడు కాలువ పక్కగా నడిచి వచ్చినా. జేసీబీ వచ్చి సగం తీసి పోయింది. మిగతా సగానికి మళ్ళీ అర్జీ ఇచ్చినాం. ముద్ర వేసిన కాపీ అక్క దగ్గర, చాకీ రశీదులు పెట్టుకునే డబ్బాలో ఉంది.