చమురు చుక్క చెప్పిన పాఠం

ఉద్దేశం: యంత్రాన్ని వాడే ప్రతివారికీ దాని పనితీరు గురించి కనీస అవగాహన ఉండాలి. ఫలితాన్ని చూసి కారణాన్ని అన్వేషించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

మన భాషలోని ‘నూనె’ అనే మాట ‘నువ్వు’, ‘నెయ్యి’ అనే రెండు మాటల కలయిక వల్ల ఏర్పడింది. సంస్కృతంలోని ‘తైలం’ కూడా ‘తిల’ శబ్దం నుంచి పుట్టినదే. తిలలు అంటే నువ్వులు. అదే సంస్కృతంలో ‘స్నేహం’ అనే శబ్దానికి మైత్రి అనే అర్థంతో పాటు చమురు అనే అర్థం కూడా ఉంది. ఇద్దరు మనుషుల మధ్య ఒరిపిడి లేకుండా చూసేది మైత్రి అయితే, రెండు లోహాల మధ్య ఒరిపిడి లేకుండా చూసేది చమురు. మన పూర్వులు ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన వేసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. మోటారు సైకిలు ఇంజనుకు కూడా కందెన కావాలి. అయితే ఎడ్లబండికి కందెన తగ్గితే వెంటనే కిర్రుమనే సంగీతం వినిపిస్తుంది. ఇంజనులో చమురు తగ్గితే చాలాకాలం ఏ శబ్దమూ వినిపించదు. వినిపించేనాటికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఈ సంగతి నాకు గ్రంథాల వల్ల తెలియలేదు. విశాఖపట్నంలోని మల్కాపురంలో, మా ఇంటి ముందరి సిమెంటు గచ్చు మీద తెలిసింది.

మల్కాపురం శ్రమజీవుల నివాసం. దానికి దగ్గరలోనే సింధియా నౌకా సంస్థ 1941లో నెలకొల్పిన ఓడల నిర్మాణ కేంద్రం ఉంది. స్వతంత్ర భారతదేశంలో తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ 1948లో అక్కడే జలప్రవేశం చేసింది. ఆనాటి సంస్థ పేరు ఈనాటికీ సింధియా కూడలి పేరులో నిలిచి ఉంది. మరొకవైపు 1957లో కాల్టెక్స్ సంస్థ ప్రారంభించగా, తరువాత హిందూస్థాన్ పెట్రోలియం సంస్థకు చెందిన చమురు శుద్ధి కర్మాగారం ఉంది. మా నాన్నగారు ఓడల నిర్మాణ కేంద్రంలో ఫిట్టరు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. నేను ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేస్తూ, ఒక ప్రైవేటు జూనియరు కళాశాలలో తెలుగు బోధిస్తూ ఉండేవాణ్ణి.

1998లో, దాచుకున్న జీతానికి అమ్మ చీటీపాట సొమ్ము కూడా కలిపి, ఎనిమిదేళ్లు నడిచిన నూరు సి.సి. మోటారు సైకిలు ఒకటి కొన్నాను. మా ఇంట అదే మొదటి మోటారు వాహనం. నాన్నగారు అప్పటికి పాతికేళ్లుగా సైకిలు మీదే పనికి వెళ్లి వచ్చేవారు. బండి ఇంటికి వచ్చిన రోజున అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించింది. మరునాటి ఉదయం బండి కింద గచ్చు మీద రూపాయి బిళ్లంత నల్లని మరక కనిపించింది. తుడిచివేశాను. ఆ మరునాడు మళ్లీ అక్కడే కనిపించింది.

నేను వంగి చూశాను. ఇంజను అట్టడుగున చమురు తీసివేయడానికి అమర్చిన మర ఒకటి ఉంటుంది. దాని కొనకు చుక్క వేలాడుతూ ఉంది. చుక్క అక్కడ ఉంది గనుక లోపమూ అక్కడే ఉన్నదని నిశ్చయించుకున్నాను. పొడవాటి పానా తెచ్చి ఆ మరను బలంకొద్దీ బిగించాను. చుక్క ఆగలేదు. మరింత బిగించాను. అయినా ఆగలేదు. ఒక మెకానికుకు చూపిస్తే, ఆయన నిలబడే ఒకసారి చూసి, ఇంజను మొత్తం విప్పాలన్నాడు. ఆయన చెప్పిన మొత్తం నా నెల జీతంకంటె ఎక్కువ. బండిని తిరిగి అమ్మివేయాలనే ఆలోచన కూడా కలిగింది. అమ్మకు ఏమని చెప్పాలో తోచలేదు.

ఆదివారం ఉదయం నాన్నగారు నా చేతిలోని పానా తీసుకుని పక్కన పెట్టారు. “ఏటిరా ఈ బిగింపు? అది అల్యూమినియం. ఇంకో సుట్టు తిప్పితే మర అరిగిపోద్ది. బొట్టు పడిన సోటు కాదురా, పుట్టిన సోటు సూడాల” అన్నారు.

తర్కశాస్త్రం చదివినవారికి అనుమాన ప్రమాణం తెలుసు. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని గ్రహించడం దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. హేతువు సరియైనది కాకపోతే అది హేత్వాభాసం అవుతుంది. ఈ విషయాలను నేను తరగతిలో వివరించి చెప్పగలిగేవాణ్ణి. కాని చమురు జారే స్వభావం కలదనీ, పైన పుట్టినది కిందికి ప్రవహించి అట్టడుగున చుక్కగా మారుతుందనీ, బండి నడిచేటప్పుడు గాలి దానిని వెనుకకు నెడుతుందనీ నాకు తోచలేదు. నేను బిగించిన మర నిర్దోషి. దాని మీద పడినది పైనుంచి వచ్చిన నింద మాత్రమే.

నాన్నగారు ముందుగా నన్ను ఒక ప్రశ్న అడిగారు: “పక్క స్టాండు మీద పెడితే ఎక్కువ కారతందా, నడిమి స్టాండు మీదా?” నేను ఏనాడూ గమనించలేదు. రెండు రాత్రులు పరీక్షించాం. బండిని పక్క స్టాండు మీద ఎడమవైపు వాల్చి ఉంచిన రాత్రి మరక పెద్దదైంది. నిటారుగా నిలిపిన రాత్రి చిన్నదైంది. బండి ఎడమకు వాలినప్పుడు లోపలి చమురు ఎడమవైపున చేరుతుంది. కాబట్టి లోపం ఎడమ భాగంలో ఉండవచ్చు. పానా పట్టుకోకుండానే సగం వెదుకులాట తగ్గింది.

తరువాత ఇంజను పూర్తిగా చల్లారాక, కిరోసినులో ముంచిన కుంచెతో దాని మీది జిడ్డును కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. ఇటువంటి పని ఆరుబయటే చేయాలి. దగ్గరలో నిప్పు ఉండకూడదు. కిరోసిను ఆవిరి పూర్తిగా పోయేవరకు ఇంజను నడపకూడదు. జిడ్డులో ఇంజను చమురు ఎంతో, గొలుసుకు వేసిన నూనె ఎంతో, దారి దుమ్ము ఎంతో తెలియదు. అందుచేత కడగకుండా వెదకడం వృథా. ఆరిన తరువాత నా సంచిలోని సుద్దముక్కలను పొడి చేయించి, అనుమానం ఉన్న చోట్లన్నింటి మీదా పలుచగా చల్లించారు. కింద పాత వార్తాపత్రిక పరిచాం. ఇంజనును కొద్ది నిమిషాలు నడిపి ఆపి, పైనుంచి కిందికి చూస్తూ వచ్చాం. తెల్లని పొడి అంతటా పొడిగానే ఉంది. గేరు మార్చే కడ్డీ ఇంజనులోనుంచి బయటికి వచ్చేచోట మాత్రం, దాని చుట్టూ తడి వలయం ఏర్పడింది. అక్కడినుంచి సన్నని చార ఒకటి అట్టడుగు మర వరకు దిగింది. నా సుద్దపొడి బోర్డు మీద కాకుండా మరొకచోట రాసిన మొదటి వాక్యం అదే.

ఇంజనులోనుంచి కడ్డీ బయటికి వచ్చేచోట చమురు కారకుండా ‘ఆయిల్ సీలు’ అనే రబ్బరు వలయాన్ని అమరుస్తారు. దాని లోపలి అంచు కడ్డీని మెత్తగా హత్తుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, బీటలు వారి, పట్టు సడలుతుంది. కదలని రెండు భాగాల అతుకులో గాస్కెట్టు ఉంటుంది. గుండ్రని మూతల వద్ద రబ్బరు ఉంగరాలు ఉంటాయి. చమురు తీసే మరకు వాషరు ఉంటుంది. చమురు కారే ఇంజనులో ముందుగా పరిశీలించవలసిన స్థానాలు ఇవే.

కొత్త సీలు తెచ్చివేస్తే సరిపోతుందని నేను అనుకున్నాను. నాన్నగారు మరొక ప్రశ్న వేశారు: “అది ఎందుకు పాడయిందో సూడవా?” పిస్టను కిందికి, పైకి కదులుతున్నప్పుడు ఇంజను అడుగు భాగంలోని గాలి ఒత్తిడికి లోనవుతుంది. పిస్టను వలయాలను దాటుకుని కొంత వాయువు కూడా అక్కడికి చేరుతుంది. ఆ ఒత్తిడి బయటికి పోవడానికి ఊపిరి గొట్టం ఒకటి అమర్చి ఉంటుంది. మా బండికి ఆ గొట్టం మట్టితో, జిడ్డుతో మూసుకుపోయి ఉంది. బయటికి పోయే దారి లేని ఒత్తిడి, బలహీనమైన చోటును వెదుకుకుని చమురును తోసివేస్తుంది. గొట్టాన్ని శుభ్రం చేయకుండా సీలు మాత్రమే మార్చి ఉంటే కొన్నాళ్లకు మళ్లీ మరక పడేది. చమురును హద్దుకు మించి పోయడం వల్ల కూడా ఇటువంటి ఇబ్బందే కలుగుతుంది.

సీలు మార్చడానికి ముందు ఇంజనులోని చమురును పళ్లెంలోకి తీశాం. గేరు మీట కడ్డీ మీద ఏ స్థానంలో ఉన్నదో గుర్తు పెట్టి, దానిని, పక్కనున్న మూతను విప్పాం. పాత సీలును చిన్న స్క్రూడ్రైవరుతో, కడ్డీ మీద గీత పడకుండా పెకలించారు నాన్నగారు. గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది. సీలు మీద ముద్రించిన కొలతలను పోల్చి కొత్తది తెచ్చాం. దాని అంచుకు చమురు రాసి, కడ్డీ పళ్ల మీద పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, స్ప్రింగు ఉన్న వైపు లోపలికి ఉండేటట్లు తొడిగి, సరిపడే గొట్టంతో అన్నివైపులా సమంగా నొక్కి కూర్చోబెట్టాం. అడుగు మరకు కొత్త వాషరు వేసి, తగినంత మాత్రమే బిగించాం. సీలుకూ వాషరుకూ అయిన ఖర్చు ఆనాటి రెండు సినిమా టిక్కెట్ల పాటిది.

తరువాత తయారీదారు సూచించిన రకం చమురు పోసి, మట్టం చూశాం. మట్టం చూసేటప్పుడు బండి చదునైన నేల మీద నిటారుగా ఉండాలి. ఇంజనును కొద్దిసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. కొలపుల్లను తుడిచి ముంచి తీస్తే, చమురు రెండు గీతల మధ్య ఉండాలి. కొలపుల్లను మర తిప్పి చూడాలా, ఊరకే ముంచి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. దానితో వచ్చిన కరపుస్తకం చూడాలి.

ఒక చుక్కకు ఇంత శ్రమ అవసరమా అని మీకు తోచవచ్చు. లెక్క వేసి చూడండి. నిమిషానికి ఒక చుక్క చొప్పున పది గంటల రాత్రిలో 600 చుక్కలు పడతాయి. ఇరవై ముప్పై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, అది 20 నుంచి 30 మిల్లీలీటర్లు. పది రాత్రులకు 200 నుంచి 300 మిల్లీలీటర్లు. నూరు సి.సి. బండ్లలో సాధారణంగా ఉండే చమురే ఇంచుమించు ఒక లీటరు. అంటే నాలుగో వంతు పోయినట్లే. చమురు లోహాల ఒరిపిడిని తగ్గించడమే కాక, వేడిని మోసుకుపోతుంది, మలినాలను కడుగుతుంది. అది చాలకపోతే పిస్టను సిలిండరుకు పట్టివేస్తుంది. నడుస్తున్న బండిలో అలా జరిగితే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. కారిన చమురు వెనుక టైరు మీద పడితే బండి జారుతుంది. రేవు రోడ్డులో భారీ లారీల మధ్య జారడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

నాన్నగారి పట్టుదలకు మరొక కారణం కూడా ఉంది. అంతకు ముందటి సంవత్సరం, 1997 సెప్టెంబరు 14 ఆదివారం నాటి ఉదయం, మా పొరుగునున్న చమురు శుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై, మేఘంలా కమ్ముకుని అంటుకుంది. యాభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మల్కాపురం వాసులు చేతికందిన పిల్లలను పట్టుకుని పరుగులు తీశారు. ఆ ఘోరానికీ మా ఇంటి ముందరి చుక్కకూ పోలిక లేదు. కాని ఆ తరువాత నాన్నగారు ‘కారడం’ అనే మాటను తేలికగా పలకగా నేను వినలేదు.

అన్ని లోపాలనూ ఇంటివద్ద సరిదిద్దలేము. ఇంజను రెండు భాగాల అతుకునుంచి చమురు కారుతున్నా, చుక్క పడకుండానే మట్టం తగ్గుతున్నా, పొగగొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తున్నా అనుభవజ్ఞుడైన మెకానికు వద్దకు వెళ్లవలసిందే. అయినా లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకుని వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు. తీసివేసిన పాత చమురును కాలువలో పోయరాదు. మన కాలువల నీరు చివరకు చేరేది సముద్రాన్నే. ప్రభుత్వ నియమాలు కూడా దానిని ప్రమాదకర వ్యర్థంగానే పరిగణిస్తున్నాయి. డబ్బాలో పోసి, పాత నూనెను సేకరించేవారికి అందజేయాలి.

ఆ బండి మరి ఎనిమిదేళ్లు నాకు సేవ చేసింది. పరిశోధన గ్రంథం పూర్తయి, పట్టా తెచ్చుకున్ననాడు నాన్నగారిని దాని వెనుక కూర్చోబెట్టుకుని సింధియా వరకు వెళ్లాను. ఆయన బండి దిగగానే పట్టా గురించి ఏమీ అడగలేదు. వంగి ఇంజను కింద చేయి పెట్టి, వేళ్లు చూసుకుని, “పొడిగానే ఉంది” అన్నారు. ఈనాటికీ విద్యార్థి జవాబులో తప్పు కనిపిస్తే, తప్పు పడిన చోట ఎర్రసిరా పెట్టే ముందు, అది ఎక్కడ పుట్టిందా అని రెండు పంక్తులు పైకి చూస్తాను.

అభ్యాసం

1. రచయిత మొదట చేసిన పొరపాటు ఏమిటి? దానిని తండ్రి ఎలా సరిదిద్దారు?
2. సీలు మార్చినంత మాత్రాన సమస్య ఎందుకు తీరదు? వివరించండి.
3. మీ ఇంట్లోని ఏదైనా ఒక వస్తువులో వచ్చిన లోపాన్ని మీరు గాని, మీ పెద్దలు గాని ఎలా కనిపెట్టారో ఒక పుటలో రాయండి.