కొల్లేటి కొరమీను

ఈ మధ్య తిన్నవాటిలో నా నాలుక మరువనివి మూడు. మొదటిది తాడేపల్లిగూడెం బజారు పకోడీ. ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరుపడ్డ ఊరు గదా, పిండి కన్న ఉల్లే ఎక్కువ!

రెండవది ఏలూరు హోటల్లో శీలావతి వేపుడు. బాగానే ఉంది, కాని అది తవుడూ, చెక్కా మేపి చెరువులో పెంచిన చేప.

మూడవది, కొల్లేటి ఒడ్డు పల్లెలో మా అక్కయ్య మట్టిదాకలో పెట్టిన కొరమీను పులుసు. ముల్లు తక్కువ, ముక్క చెదరదు. “రాత్రి వండి పొద్దున్నే తినాలిరా,” అంటుంది అక్కయ్య. నిజమే, అప్పటికి పులుపు ముక్కకు పడుతుంది.

గాలి పీల్చి బతికే చేప గనుక కొరమీను బిందెలో ప్రాణంతోనే ఇంటికి వస్తుంది. చిన్న చేపలను మింగుతుందని చెరువులవాళ్ళు దాన్ని రానివ్వరు. ఆ చెరువుల గట్లే సరస్సును ముక్కలు చేశాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు పగులగొట్టారు. అక్కయ్యవాళ్ళ చెరువూ అప్పుడే పోయింది. “కూడు పోయింది గాని, కొల్లేరే పోతే ఈ కూర ఎక్కడిది?” అంటుందామె.

అటు వెళ్ళినప్పుడు కొల్లేటి కొరమీను కంటపడితే బేరమాడకండి. పులుసు మాత్రం రాత్రే పెట్టించండి!