ఊరి దగ్గర డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చదివి పెద్ద యూనివర్సిటీకి వెళ్ళొచ్చా?

పోయిన ఆదివారం మా ఊరు కొత్తపల్లెకి వెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే మా చిన్నాయన ఆపి, "ఒరేయ్, ఫోన్లో ఊరందరికీ చెప్తావు గదా, మీ చెల్లెలికి ఏం చెప్తావో చెప్పు" అన్నాడు. చెల్లెలు ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు అప్పు చేసి లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపాలా, లేక నంద్యాలలో బీఎస్సీ కెమిస్ట్రీలో చేర్చాలా? ఆయన భయం ఒకటే. "డిగ్రీలో ఏస్తే పిల్ల ఈడనే ఆగిపోతాదేమో రా."

ఆగిపోదు చిన్నాయనా అని అక్కడే అనేయొచ్చు. కానీ అది సగం నిజమే. మిగతా సగం ఈ రోజు చెప్తాను.

ముందు వేరే దేశం సంగతి ఒకటి. కాలిఫోర్నియాలో ఉండే మా బంధువుల అబ్బాయి కూపర్టినోలోని డీ అంజా కాలేజీలో చదివాడు. అది కమ్యూనిటీ కాలేజీ, అంటే ఇంటి దగ్గర నుంచి వెళ్ళొచ్చే తక్కువ ఫీజు కాలేజీ. అక్కడ రెండేళ్ళు జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, కాలిక్యులస్ చేసి, మూడో ఏడుకి యూసీ డేవిస్‌కి మారాడు. డిగ్రీ పట్టా మీద డేవిస్ పేరే ఉంటుంది. ఈ కాలేజీలో చదివిన ఏ కోర్సు ఆ యూనివర్సిటీలో దేనికి సమానమో 'అసిస్ట్' అనే సైట్‌లో ముందే రాసి ఉంటుంది. ఎవరినీ బతిమాలే పని లేదు.

మన దగ్గర అలా మధ్యలో మారడం చాలా అరుదు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని 2021లో తెచ్చారు, మీ డిగ్రీ క్రెడిట్స్ అందులో జమ అవుతాయి. బాగానే ఉంది. కానీ క్రెడిట్స్ జమ అయినంత మాత్రాన అవతలి యూనివర్సిటీ సీటు ఇవ్వదు. మనకి అసలు గేటు డిగ్రీ అయ్యాక, ఎమ్మెస్సీ దగ్గర ఉంది. మూడేళ్ళు ఊరి పక్క కాలేజీ, తర్వాత ఒక ఎంట్రన్స్, ఆపైన రెండేళ్ళు యూనివర్సిటీ. మన కమ్యూనిటీ కాలేజీ దారి ఇదే అనుకోండి.

ఈ దారిలో వెళ్ళినవాడు మా ఊళ్ళోనే ఉన్నాడు. నాతో పాటు ఇంటర్ చదివాడు. నేను బీటెక్‌కి పోయాను, వాడు రోజూ బస్సులో నంద్యాల వెళ్ళి బీఎస్సీ చేశాడు. అప్పట్లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ కలిపి ఉండేవి. పరీక్షకి వారం ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పట్టుకుని, ఎనభై శాతం పైనే తెచ్చుకున్నాడు. మూడో ఏడు నవంబర్‌లో జామ్‌కి చదవడం మొదలుపెట్టి ఫిబ్రవరిలో రాశాడు. బయటికొచ్చి నాకు ఫోన్ చేసి, "రేయ్, సిలబస్ అంతా నాకు తెలిసిందే. ప్రశ్నలే తెలీవు" అన్నాడు.

ఆ మాటలోనే మొత్తం సంగతి ఉంది.

ఒక ప్రయోగంతో చెప్తా చూడండి. మన ఊళ్ళలో బోరు నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లటి పొర పడుతుంది కదా. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్, వేడికి కార్బొనేట్‌గా మారి అడుగున పేరుకుంటుంది. మన జిల్లాలోనే ఉన్న బెలూం గుహలు ఏర్పడింది కూడా ఈ రసాయనంతోనే. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు సున్నపురాయిని కరిగిస్తుంది, ఆ గ్యాస్ బయటికి పోయినచోట రాయి మళ్ళీ పేరుకుంటుంది. మనమేమో అక్కడికి పోయి సెల్ఫీ దిగి వస్తాం!

ఈ నీటి కఠినత్వాన్ని డిగ్రీ ల్యాబ్‌లో ఈడీటీఏతో కొలుస్తారు. 50 ఎంఎల్ నీళ్ళు ఫ్లాస్క్‌లో తీసుకుని, పీహెచ్ 10 ఉండేలా అమ్మోనియా బఫర్, కాస్త ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వేస్తే ఎర్రటి వైన్ రంగు వస్తుంది. బ్యూరెట్ నుంచి 0.01 మోలార్ ఈడీటీఏ చుక్క చుక్కగా వదిలితే ఒక దగ్గర నీలం అవుతుంది. 20 ఎంఎల్ పట్టిందంటే లీటరుకి 400 మిల్లీగ్రాముల కఠినత్వం. తాగే నీటికి మన ప్రమాణం 200, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. బీటెక్ ఫస్టియర్‌లో నేనూ ఈ ప్రయోగం 'చేశాను'. అంటే, పక్కవాడి రికార్డులో రీడింగ్ చూసి రాసుకున్నాను.

సెమిస్టర్ పరీక్షలో దీని మీద ఏం అడుగుతారు? సూత్రం, విధానం రాయమంటారు. బట్టీ కొట్టినా మార్కులు పడతాయి. ఎంట్రన్స్‌లో అడిగేది వేరు. పీహెచ్ 10 ఎందుకు? తగ్గితే ఈడీటీఏని హైడ్రోజన్ అయాన్లు పట్టేసుకుంటాయి, లోహాన్ని గట్టిగా పట్టుకోలేదు. మరీ పెంచి 12 దాటిస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా విడిపోతుంది, అప్పుడు మీరు కొలిచేది కాల్షియం ఒక్కటే. ఇది తెలిస్తే ఒకే నీటిని రెండు పీహెచ్‌ల దగ్గర కొలిచి కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని విడదీసే లెక్క కూడా చేయగలరు. మా వాడు ఈ ప్రయోగం చేసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాడు. పది ఎందుకు అని మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదంట.

జామ్ పేపర్ చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. 30 మామూలు ఆబ్జెక్టివ్, వాటికి మైనస్ మార్కులు ఉంటాయి. 10 ప్రశ్నలకి ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండొచ్చు. మిగతా 20 ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, లెక్క చేసి నంబర్ కొట్టాలి. ఈ 20కి మైనస్ లేదు, 30 మార్కులు. మా వాడు ఈ సెక్షన్ దాదాపు ఖాళీగా వదిలేశాడు. జామ్ స్కోరు ఆ ఏడాదికే పనికొస్తుంది. దాంతో ఒక సంవత్సరం ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున పొలం, మధ్యాహ్నం పుస్తకం. ఊళ్ళో కనపడినోళ్ళంతా "ఇంకా ఖాళీనేనా అబ్బయా" అని అడుగుతుంటే, ఆ ఏడాది వాడు పెళ్ళిళ్ళకి కూడా పోలేదు.

రెండోసారి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అప్పుడు వాళ్ళే సొంతంగా ఎంట్రన్స్ పెట్టేవాళ్ళు, ఇప్పుడు సీయూఈటీ పీజీ రాయాలి. జామ్‌తో అయితే హైదరాబాద్, తిరుపతి ఐఐటీలు, వరంగల్ ఎన్ఐటీ లాంటివి ఉన్నాయి. బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా ఆ స్కోరే చూస్తారు. మన రాయలసీమ యూనివర్సిటీ, ఆంధ్రా, ఎస్వీ యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్. మా వాడు ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాడు. నీ కాలేజీ ఏది అని అక్కడ ఎవరూ అడగలేదంట. కానీ మొదటి నెల ల్యాబ్‌లో పిపెట్ పట్టుకోవడానికి చేయి వణికిందని చెప్పాడు. డిగ్రీలో ఒక బ్యూరెట్‌కి ఆరుగురు ఉండేవాళ్ళు మరి.

చెల్లెలి విషయంలో ఇంకో చిక్కు ఉంది. తనది బైపీసీ. కెమిస్ట్రీ అంటే లెక్కలు ఉండవనుకుంది, పాపం. ఫిజికల్ కెమిస్ట్రీలో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, లాగరిథమ్స్ తప్పవు. పైగా కొన్ని సంస్థలు ఎమ్మెస్సీకి ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉండాలని అడుగుతాయి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక, పక్కన మైనర్‌గా ఏది తీసుకుంటారన్నది ముఖ్యమైపోయింది. కాలేజీలో ఏవి ఇస్తున్నారో చేరేముందే అడగండి. డిగ్రీ మూడో ఏట బ్రోచర్ చూసి తల పట్టుకుంటే లాభం లేదు.

కోచింగ్ వద్దా అంటే, నేను వద్దనను. చెల్లెలికి నిజంగా డాక్టరే కావాలని ఉంటే ఇంకో ప్రయత్నం చేయొచ్చు. అడిగాను. "నాకు బోటనీ అంటేనే చిరాకన్నా, కెమిస్ట్రీ ఒక్కటే ఇష్టం" అంది. ఆ మాట విన్నాక లక్షలు అప్పు తెచ్చి మళ్ళీ బోటనీ చదివించమని నేనెట్లా చెప్తాను? చిన్నాయన మాత్రం ఇంకా ఏదీ తేల్చలేదు.

సోమవారం ఇద్దరూ కాలేజీ చూడటానికి నంద్యాల పోతున్నారు. బిల్డింగ్ కాదు, ల్యాబ్ చూపించమని అడగండి అన్నాను. ఏం అడగాలో చెల్లెలి ఫోన్లో టైప్ చేసిచ్చాను. ఒక్కో బ్యూరెట్‌కి ఎంతమంది? వారానికి ప్రాక్టికల్స్ నిజంగా ఎన్ని గంటలు జరుగుతాయి? మైనర్‌గా మ్యాథ్స్ తీసుకోవచ్చా, బైపీసీ వాళ్ళకి ఇస్తారా? పోయిన రెండు బ్యాచ్‌లలో ఎమ్మెస్సీకి బయటికి వెళ్ళినవాళ్ళు ఎవరు, ఒకరి నంబర్ ఇస్తారా? చివర్లో చెల్లెలే ఒకటి కలిపింది: మా ఇంటి బోరు నీళ్ళు తెచ్చి టెస్ట్ చేసుకోనిస్తారా సార్?