చేతికి లొంగిన యంత్రం

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకు పార సంగతి కామ దగ్గరే తెలిసిపోతుంది. కామ మరీ సన్నగా ఉంటే పిడికిలి బిగించాలి, మరీ లావైతే వేళ్లు చుట్టుకోవు. ఎటైనా పొద్దుగూకేసరికి మణికట్టు లాగేస్తుంది. వీడియో గేమ్ కంట్రోలర్ కథా ఇదే. కాకపోతే నొప్పి ఉన్న చేతిని తయారీదార్లు పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

1977లో వచ్చిన అటారీ 2600 గేమ్ యంత్రానికి కంట్రోలరంటే ఒక నల్ల డబ్బా, దాని మీద ఒక కర్ర, ఒక ఎర్ర మీట. ఒక చేత్తో డబ్బా అదిమిపట్టి, రెండో చేత్తో కర్ర తిప్పాలి. 1982లో నింటెండో ఇంజనీరు గున్‌పెయ్ యోకోయి డాంకీ కాంగ్ చేతి గేముకు ప్లస్ ఆకారపు మీట పెట్టాడు. దాంతో కర్ర పని బొటనవేలి మీద పడింది. తర్వాతి కంట్రోలర్లు చాలావరకు ఆ దారే పట్టాయి. కర్ర మళ్లీ వచ్చినా చిన్నదై బొటనవేలి కిందికే చేరింది. దాన్ని గిరగిరా తిప్పించే మారియో పార్టీ గేముతో పిల్లల అరచేతులు బొబ్బలెక్కితే, 2000లో నింటెండో గ్లవుజులు ఇవ్వాల్సి వచ్చింది. 2001 నాటి మైక్రోసాఫ్ట్ తొలి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ చాలామంది చేతుల్లో పట్టనే లేదు. మరుసటి ఏడాది చిన్నది తేక తప్పలేదు.

అసలు మలుపు 2018లో వచ్చింది. అప్పటికి మైక్రోసాఫ్ట్ సారథి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. ఆయన కొడుకు జైన్‌కు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉండేది. వైకల్యం గురించి తన చూపు మారింది ఆ బిడ్డ వల్లేనని ఆయన చెప్పారు. ఆ సంస్థ ఇంజనీర్లు తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు పైన రెండు పెద్ద మీటలు, వెనక 19 జాక్‌లు. కాలి పెడల్, మోచేతి మీట, ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. అట్టపెట్టెకు కూడా ఉంగరాల్లాంటి లూపులు పెట్టారు, వేళ్లకు పట్టు లేనివాళ్లూ లాగి తెరవడానికి. అదే దారిలో 2023లో సోనీ యాక్సెస్ కంట్రోలర్ వచ్చింది.

కీళ్లవాతమో, పాత నరాల నొప్పో ఉన్నవాళ్లు వెంటనే వీటినే కొనాలని లేదు. కండరం కదలకుండా బిగుసుకుని ఉంటే రక్తప్రసరణ తగ్గి నొప్పి పెరుగుతుంది. కాబట్టి బిగించి పట్టుకోనక్కర్లేనిదే మంచి కంట్రోలర్. సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) కంట్రోలర్ సుమారు 280 గ్రాములు. నింటెండో స్విచ్‌ మొదటి తరం జాయ్-కాన్ కంట్రోలర్లు ఒక్కోటి సుమారు 50 గ్రాములే. ఆ జత రెండుగా విడిపోతుంది కాబట్టి చేతులు ఒడిలో ఎడంగా పెట్టుకుని ఆడొచ్చు. అయితే మీటలు చిన్నవి, వేళ్లు వాచినవాళ్లకు ఇబ్బంది. వెనక మీటలున్న రకమైతే బొటనవేలి పని కొంత మిగతా వేళ్లు పంచుకుంటాయి. నొప్పి పెట్టే వేలి మీటను సెట్టింగ్స్‌లో వేరే వేలికి మార్చుకోవచ్చు, వైబ్రేషన్ ఆపేయొచ్చు. వీటికి పైసా ఖర్చు లేదు.

రంగు, బ్రాండు తర్వాత చూడొచ్చు. కొనేముందు షాపులోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో కాసేపు పట్టుకుని చూడండి. భుజాలు పైకి లేస్తున్నా, పిడికిలి బిగుస్తున్నా అది మీది కాదు. తిమ్మిర్లు పట్టినా, పట్టు జారుతున్నా కంట్రోలర్ మార్చడంతో సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి.