కదిలితే కబళం

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి నల్లమల అడవిలోకి అడుగుపెట్టే చోట, నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో ఉన్న మన్ననూరు దాటిన తరువాత నీరు పలు రూపాలలో ఎదురవుతుంది: వానకాలంలో పొంగి పారి, ఎండలు ముదిరే నాటికి విడివిడి మడుగులుగా మిగిలే వాగులు, వటవర్లపల్లి దాపున మల్లెలతీర్థం వంటి లోయ జలాలు, వేసవిలో జంతువుల దప్పిక తీర్చడానికి అటవీశాఖ నింపించే సాసర్ పిట్లు, వాగు ఇసుకను చేత్తో తోడితే ఊరే చెలమలు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఏ పులి ఎక్కడ తిరుగుతున్నదో కెమెరాలు పెట్టి లెక్కకడుతున్నారు గాని, అదే అడవిలో ఒక మడుగు నుంచి దోసిట పట్టిన నీటిలో జరిగే వేట పులి వేటకంటె ఎన్నో కోట్ల ఏళ్లు పాతది, పద్ధతిలోనూ అంతకంటె విచిత్రమైనది. చూసే కన్ను, వాసన పట్టే ముక్కు, వినే చెవి ఏవీ లేని జీవులు అక్కడ తమ తిండిని వెతికి పట్టుకుంటాయి. ఆ వేట పద్ధతిలోని ఒకే ఒక మెలికను ఆసరా చేసుకొని నారికురుపు అనే వ్యాధి తెలుగు పల్లెలను తరతరాలుగా పీడించింది కనుక, ఈ విషయం ప్రయోగశాలలకే పరిమితమైన ముచ్చట కాదు.

ముందుగా గ్రహించవలసినది, సూక్ష్మజీవి ఈదే నీరు మనిషి ఈదే నీటివలె ప్రవర్తించదని. పదార్థం ఒకటే అయినా, శరీరం చిన్నదయ్యేకొద్దీ స్నిగ్ధత, అంటే ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి సులువుగా జారనివ్వకుండా నిలిపే గుణం, మిగతా బలాలన్నింటినీ మించిపోతుంది. తేనెలో పడిన చీమకు కాలు కదపడం ఎంత కష్టమో, రెండు మైక్రాన్ల పొడవుండే బాక్టీరియాకు మంచినీటిలో కదలడం అంతకంటె కష్టం. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు.) సెకనుకు 30 మైక్రాన్ల వేగంతో సాగుతున్న బాక్టీరియా ఒక్కసారిగా ఈత మానేస్తే, పరమాణువు వ్యాసంలో పదోవంతు దూరంలోపే నిలిచిపోతుందని అమెరికా భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1976లో ఇచ్చిన ప్రసంగంలో లెక్కగట్టి చూపాడు. ఊపు మీద కొంతదూరం సాగిపోవడమన్నది ఆ లోకంలో లేనే లేదు.

రెండవది వ్యాపనం, అంటే అణువులు తమంత తాము అటూ ఇటూ తచ్చాడుతూ ఎక్కువ ఉన్న చోటినుంచి తక్కువ ఉన్న చోటికి చేరుకోవడం. కలియబెట్టని నీటిలో చక్కెర అణువు ఒక మైక్రాన్ దూరం పోవడానికి సెకనులో వెయ్యోవంతు చాలు. అదే అణువుకు ఒక సెంటీమీటరు దాటడానికి ఒక రోజు పైనే పడుతుంది, ఎందుకంటే దూరం పదింతలైతే పట్టే కాలం నూరింతలవుతుంది. కాబట్టి బాక్టీరియా అంతటి జీవికి పక్కనున్న రుచి క్షణంలో తెలుస్తుంది గాని, రెండంగుళాల అవతల కుళ్లుతున్న ఆకు సంగతి అసలు తెలియదు. నీటిని కలియబెట్టి ఆహారాన్ని తనవైపు లాక్కోవడం కూడా దానికి వృథా శ్రమే, కలిపినంతలో వచ్చేది వ్యాపనం ఎలాగూ తెచ్చిపెడుతుంది. అది కదిలేది మరింత గాఢత ఉన్న చోటు వెతుక్కోవడానికే.

అయితే ఆ చోటు ఏ దిక్కున ఉందో తెలుసుకోవడమెలా? రెండు మైక్రాన్ల శరీరానికి ముందు కొసన, వెనుక కొసన ఉండే గాఢతల తేడా బహు స్వల్పం. మనుషుల పేగుల్లో ఉండే ఎషెరిషియా కోలీ అనే బాక్టీరియాను పట్టి చూసిన శాస్త్రవేత్తలకు దొరికిన సమాధానం, అది స్థలాన్ని కాలంగా మార్చుకుంటుందని. తన కశాభాలను, అంటే మెలితిరిగిన తోకల వంటి నిర్మాణాలను, ఒకే దిశలో తిప్పినప్పుడు అవి జడవలె కలిసి దానిని సూటిగా నెడతాయి. ఒక సెకను అటూ ఇటుగా అలా సాగాక కొన్ని కశాభాలు ఎదురు తిరగడంతో జడ విడిపోయి, సెకనులో పదోవంతు సేపు అది గిరగిర దొర్లి, ఏదో ఒక కొత్త దిక్కుకు తిరుగుతుంది. ఆ దిక్కును ఎంచుకొనే శక్తి దానికి లేదు. అయినా గడచిన సెకనులో తగిలిన రుచిని అంతకుముందు రెండు మూడు సెకనుల రుచితో పోల్చుకొని, మెరుగవుతున్నదనిపిస్తే దొర్లడాన్ని వాయిదా వేస్తుంది. అంటే మంచి దారిలో పరుగు కాస్త పొడవు, చెడ్డ దారిలో మామూలుగానే పొట్టి. ఇంతమాత్రం పక్షపాతంతోనే, తప్పటడుగులు వేస్తూనే, ఆ జీవుల గుంపు చివరకు మేత దగ్గరకు చేరుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జూలియస్ ఆడ్లర్ 1960లలో ఈ రసాయన అనుచలనాన్ని, అంటే రసాయనం ఉనికిని బట్టి అటువైపో ఎదురువైపో కదలడాన్ని, పరిశీలించి, బాక్టీరియా చక్కెరను తిని కాదు, ఉపరితలం దగ్గరుండే గ్రాహకాలతో తాకి మాత్రమే గుర్తుపడుతుందని 1969లో తేల్చాడు. ఒక్క బాక్టీరియాను వదలకుండా వెంబడించే సూక్ష్మదర్శినిని తయారుచేసి హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ 1972లో ఆ పరుగుల పొడవులను కొలిచారు. మెదడు లేని జీవికి జ్ఞాపకం ఎక్కడిదన్న ప్రశ్నకు, గ్రాహకాలకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపును అతికించడం, తీసివేయడం అనే చర్యే జవాబు: ఆ అతుకుల సంఖ్య మారడానికి కొన్ని సెకనులు పడుతుంది కాబట్టి, అది వెనకటి రుచికి గుర్తుగా నిలుస్తుంది.

బాక్టీరియాను తినే పారమీషియం కూడా దాదాపు ఇదే ఉపాయంతో బతుకుతుంది. ఒంటినిండా ఉండే శైలికలు అనే సన్నని నూగును ఆడిస్తూ ఈదే ఈ ఏకకణ జీవి, పలుచని ఆమ్లం ఉన్న నీటిలోంచి బయటకు పోబోయినప్పుడల్లా వెనక్కు తగ్గి, పక్కకు తిరిగి, మళ్లీ లోపలికే వస్తుంది. గుంపుగా పెరిగే బాక్టీరియా విడిచే కార్బన్ డయాక్సైడ్ నీటిని కొద్దిగా ఆమ్లంగా మారుస్తుంది గనుక, ఆ పులుపు దానికి అన్నం ఉన్న చోటి ఆనవాలు. హెర్బర్ట్ జెన్నింగ్స్ 1906లో ప్రచురించిన గ్రంథంలో దీనిని సవిస్తరంగా వర్ణించాడు. ఆ పారమీషియాన్ని మింగే డైడీనియం పద్ధతి మరీ మొరటు: వేగంగా ఈదుతూ దేనినో ఒకదానిని ఢీకొంటుంది, తగిలినది పారమీషియమైతే విషపు ముళ్లు దించి, తనకంటె పెద్దదైనా సరే సాంతం మింగేస్తుంది.

పరిమాణం మిల్లీమీటరుకు చేరేసరికి ఆట నియమాలు మారతాయి. కోపెపాడ్లు అనే బుల్లి క్రస్టేషియా జీవులు, అంటే రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు, చెరువులోనూ బావిలోనూ విరివిగా ఉంటాయి. వీటిలో డయాప్టమస్ వంటివి కాళ్లను ఆడించి తమ ముందు ఒక సన్నని ప్రవాహాన్ని సృష్టించుకుంటాయి. ఆ ప్రవాహంలో కొట్టుకొచ్చే శైవల కణం, అంటే నాచు కణం, చుట్టూ ఉన్న రుచి తెర సాగి, కణంకంటె ముందే వేటగాడి స్పర్శశృంగాలను, అంటే తల మీది పొడవాటి మీసాలను, తాకుతుంది, దానితో నోటి అవయవాలు సకాలంలో తెరుచుకుంటాయి. ఈ జీవులు తమ రోమాలను జల్లెడవలె పట్టి తిండిని వడకడతాయని చాలాకాలం నమ్మారు గాని, మిమీ కోల్, రూడీ స్ట్రిక్లర్ 1981లో వేగవంతమైన కెమెరాతో తీసిన చిత్రాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి: అంత చిక్కని నీరు రోమాల సందుల్లోంచి దాదాపు దూరనే దూరదు, అందువల్ల ఆ అవయవం జల్లెడగా కాక తెడ్డుగా పనిచేసి, కణాన్ని దాని చుట్టూ ఉన్న నీటి ముద్దతో సహా లోపలికి లాగుతుంది.

నారికురుపు పాకిన మన దిగుడు బావుల కథకు కావలసినది మాత్రం సైక్లాప్స్ అనే కోపెపాడ్. నుదుట ఒకే ఒక ఎర్రని కంటిచుక్క, బేరికాయ ఆకారపు శరీరం, ఆడదైతే తోక పక్కన వేలాడే రెండు గుడ్ల సంచులతో ఒక మిల్లీమీటరు ఉండే ఈ ప్రాణిని, గాజు గ్లాసులో నీరు పోసి వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే, ఆగి ఆగి దూకే తెల్లని నలుసుగా గుర్తించవచ్చు. ఆ కన్ను వెలుతురును, చీకటిని చెప్పగలదే తప్ప ఎరను చూపలేదు. అది మేత ప్రవాహాన్ని కూడా సృష్టించదు. స్పర్శశృంగాలను రెండు పక్కలకూ చాచి, కదలకుండా మెల్లగా కిందికి దిగుతూ, మధ్యమధ్య ఒక్క దూకు దూకి మళ్లీ నిశ్చలమవుతుంది. స్పర్శశృంగాల వెంబడి వరుసగా ఉన్న శూకాలు, అంటే కీలు దగ్గర నాడి తగిలించిన బిరుసు వెంట్రుకలు, నీటిలో పుట్టే అతి చిన్న అలజడికి వంగుతాయి. కోపెపాడ్లలో ఇవి సెకనుకు 20 మైక్రాన్ల వేగపు కదలికకు సైతం స్పందించగలవని కొలతలు చెబుతున్నాయి. ఏ శూకం ఎంత వంగిందన్నదే ఎర ఏ వైపున, ఎంత దూరాన ఉందో చెప్పే వార్త. దగ్గరలో ఏదైనా మెలికలు తిరిగితే, సైక్లాప్స్ ఆ వైపు దూకి పట్టుకుంటుంది. కదలనిది, దాని లెక్కలో, దాదాపు లేనట్టే.

ఈ లోపాన్ని ఎర కూడా కనిపెట్టింది. బాస్మినా అనే బుల్లి నీటి ఈగ తనపై దాడి జరగగానే అవయవాలన్నీ ముడుచుకొని, చచ్చినట్టు ఈత మాని కిందికి జారిపోతుంది. అలజడి ఆగిపోవడంతో అంతవరకు వెంబడించిన సైక్లాప్స్ ఆనవాలు పోగొట్టుకొని వట్టి నీటిలో తడుముకుంటుందని చార్లెస్ కెర్‌ఫుట్ 1978లో రాశాడు. తెలుగు నేలమీద ఈ జీవుల వైవిధ్యాన్ని జీవితకాలం అధ్యయనం చేసిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్త వై. రంగారెడ్డి, నదుల ఇసుకలోనూ భూగర్భ జలంలోనూ బతికే కోపెపాడ్లను ఎన్నింటినో శాస్త్రలోకానికి తొలిసారి పరిచయం చేశాడు. వెలుగు ఎరుగని ఆ నీటిలోని జాతులకు సాధారణంగా ఆ ఒక్క కంటిచుక్క సైతం ఉండదు, స్పర్శే వాటికి సర్వస్వం.

బాస్మినా ప్రాణం కాపాడుకోవడానికి కదలడం మానితే, నారికురుపు పురుగు డింభకం, అంటే దాని పిల్ల, మింగబడడం కోసమే కదులుతుంది. ఈ వ్యాధికి కారణమైన ఆడ పురుగు మనిషి శరీరంలో ఏడాదిపాటు పెరిగి, 60 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు పొడవై, సాధారణంగా కాలిలో పొక్కుగా బయటపడుతుంది. ఆ మంట భరించలేక రోగి దిగుడు బావి మెట్లు దిగి కాలు నీళ్లలో పెట్టగానే పురుగు పాలవంటి ద్రవంలో లక్షల డింభకాలను విడుస్తుంది. మిల్లీమీటరులో సగానికి కాస్త పైన ఉండే ఆ డింభకానికి ఉన్న ఆయువు కొద్ది రోజులే. ఆలోగా సైక్లాప్స్ కడుపులోకి చేరకపోతే దాని వంశం అంతటితో సరి. వెతుక్కుంటూ పోగల శక్తి దానికి లేదు కనుక, సన్నని పొడుగు తోకను విడవకుండా కొట్టుకుంటూ నీటిని కెలుకుతుంది, ఆ కెలుకుడు సైక్లాప్స్ శూకాలకు అందుతుంది, తక్కినది సైక్లాప్సే పూర్తిచేస్తుంది. పరాన్నజీవుల లోకంలో ఇంత పొదుపైన ఎత్తుగడ మరొకటి అరుదు: వేటగాడి జ్ఞానేంద్రియాన్నే తన వాహనంగా మార్చుకోవడం. సైక్లాప్స్ లోపల రెండు వారాలలో డింభకం మనిషికి సోకగల దశకు ఎదుగుతుంది. మనిషి నీటితోపాటు మింగిన సైక్లాప్స్ అతని కడుపులోని ఆమ్లానికి చస్తుంది, డింభకం చావకుండా పేగుగోడను చీల్చుకుపోతుంది.

సైక్లాప్స్ పాత్రను రష్యా శాస్త్రవేత్త అలెక్సీ ఫెద్చెంకో 1870 ప్రాంతంలో తుర్కిస్తాన్‌లో గుర్తించాడు. 1930లలో మైసూరు సంస్థానంలోని చిత్రదుర్గ జిల్లాలో వి.ఎన్. మూర్తి డింభకం సైక్లాప్స్ లోపల ఎదిగే దశలను వివరంగా నమోదుచేయడమే కాక, సైక్లాప్స్‌ను తినే చేపలను దిగుడు బావులలో వదిలి వ్యాధిని అదుపుచేసే పద్ధతిని కూడా పరీక్షించాడు. భారత ప్రభుత్వం 1983-84లో నిర్మూలన కార్యక్రమం చేపట్టేనాటికి ఏడు రాష్ట్రాలలో వ్యాధి ఉండగా, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఏడు రాష్ట్రాలలో కలిపి 12,000కు పైగా గ్రామాలలో దాదాపు 40,000 కేసులు లెక్కకు వచ్చాయి. మందు లేదు, టీకా లేదు, బయటపడిన పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొద్దికొద్దిగా లాగడమే వైద్యం. అందువల్ల దాడి అంతా సైక్లాప్స్ మీదికి, దానికీ డింభకానికీ మధ్యనున్న ఆ కొద్ది రోజుల మీదికి మళ్లింది: మెట్లు మూసి దిగుడు బావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున టెమిఫాస్ అనే మందు కలిపి సైక్లాప్స్‌ను చంపడం, నీటిని మడతపెట్టిన గుడ్డలో వడకట్టడం. బాక్టీరియాను ఆపలేని గుడ్డ ఒక మిల్లీమీటరు సైక్లాప్స్‌ను మాత్రం ఇట్టే ఆపుతుంది. దేశంలో చివరి రోగి 1996 జులైలో రాజస్థాన్‌లో నమోదుకాగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ఇందులో ఎక్కువ ఘనత మందుల కంపెనీలకు కాక మేస్త్రీలకు, చేతిపంపులు బిగించినవారికి, ఇంటింటా గుడ్డ కట్టిన ఆడవాళ్లకు చెందుతుంది.

1986లో ప్రపంచమంతటా 35 లక్షల మందికి ఉందని అంచనా వేసిన ఈ వ్యాధి ఇటీవలి ఏళ్లలో ఏటా పదీ పదిహేను మందికి పరిమితమయింది గాని, ఆఫ్రికాలోని చాద్ దేశంలో పురుగు కుక్కలలో కనిపించడంతో పని పూర్తికాలేదు. సైక్లాప్స్‌ను మింగిన చేపల, కప్పల ద్వారా డింభకం కుక్కలకు చేరుతున్నదని భావించడం వల్ల, అక్కడి ఆరోగ్య కార్యకర్తలు ఇప్పుడు మడుగులలో మందు కలపడంతోపాటు, వ్యాధి సోకిన కుక్కలను కట్టివేసి నీటికి దూరంగా ఉంచమని, చేపల పేగులను బయట పారవేయక గొయ్యి తీసి పూడ్చమని ఊరూరా చెబుతున్నారు.