ఒక్క టిక్కు... మూడు వేల డాలర్లు!

"ఒరేయ్ నాన్నా, నా రిటర్న్ తిప్పికొట్టారురా! అమ్మాయిని ఇంకెవరో తమ డిపెండెంట్‌గా చూపించేసుకున్నారంట. ఎవరైనా దాని నంబర్ కొట్టేశారంటావా?"

2025 మార్చిలో ఓ శనివారం పొద్దున్నే టెక్సస్ నుంచి మా బాబాయి ఫోన్. మా ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే ప్రింటర్ బాగుచేయడం దగ్గర్నుంచి పన్నులు కట్టడం దాకా అన్నీ తెలిసుండాలి. సరేనని ల్యాప్‌టాప్ తెరిచా. దొంగ ఎవరో పది నిమిషాల్లో దొరికేసింది. మా చెల్లే!

చెల్లి అక్కడే పుట్టింది. అప్పటికి 19 ఏళ్లు, స్టేట్ యూనివర్సిటీలో రెండో సంవత్సరం. క్యాంపస్ లైబ్రరీలో పనిచేస్తే ఏడాదికి 6,000 డాలర్లు వచ్చాయి. ఫిబ్రవరిలో హాస్టల్ రూమ్‌లో కూర్చుని ఫోన్‌లోనే రిటర్న్ వేసేసింది. 'మిమ్మల్ని ఎవరైనా డిపెండెంట్‌గా చూపించే వీలుందా?' అన్న ప్రశ్న దగ్గర 'లేదు' అని టిక్కు పెట్టింది. యాప్ అడిగిన వాటికల్లా ఎస్, నో కొట్టుకుంటూ పోతే, 900 డాలర్లు అదనంగా రీఫండ్ చూపించింది. పిల్లకి భలే సంబరం.

"అన్నయ్యా, నేను జాబ్ చేస్తున్నాగా. డిపెండెంట్ ఎలా అవుతాను?" అంది.

ఫోన్‌లో ఇంకో పక్క బాబాయి ఉన్నాడు. ఫీజు కోసం లోన్ తీసుకున్నది ఆయనే. ఒక్క మాటా మాట్లాడలేదు.

డిపెండెంట్ అంటే?

మన మాటల్లో డిపెండెంట్ అంటే సొంత కాళ్ల మీద నిలబడలేని మనిషి. పన్నుల భాషలో అది ఒట్టి లెక్క. ఏడాది చివరికి 24 నిండకుండా, ఆ ఏడాదిలో కనీసం ఐదు నెలలు ఫుల్‌టైమ్ చదువుతూ, సొంత పోషణ ఖర్చులో సగానికి మించి తానే పెట్టుకోని పిల్లల్ని తల్లిదండ్రులు తమ రిటర్న్‌లో చూపించుకోవచ్చు. హాస్టల్లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే లెక్క. స్కాలర్‌షిప్ వచ్చినా దాన్ని పిల్లలు సొంతంగా పెట్టుకున్న ఖర్చు కింద చూడరు. 6,000 సంపాదించిన మా చెల్లి ఎటు చూసినా బాబాయి డిపెండెంటే.

అసలు విషయం ఇక్కడుంది. పిల్లల్ని ఎవరు డిపెండెంట్‌గా చూపిస్తారో, చదువు క్రెడిట్ వాళ్లకే. ఫీజు పిల్ల సొంత డబ్బుతో కట్టినా, తండ్రి కట్టినట్టే లెక్కేస్తారు. ఇద్దరూ తీసుకోవడం కుదరదు.

క్రెడిట్ లెక్క ఇలా

డిడక్షన్ అయితే పన్ను పడే ఆదాయం తగ్గుతుంది. క్రెడిట్ అయితే కట్టాల్సిన పన్నే తగ్గుతుంది. అందుకే క్రెడిట్ బరువెక్కువ.

అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అని ఒకటుంది. డిగ్రీ మొదటి నాలుగేళ్లకే. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాల ఖర్చులో మొదటి 2,000 డాలర్లకు పూర్తిగా, తర్వాతి 2,000కు 25 శాతం చొప్పున ఇస్తారు. అంటే ఒక్కో విద్యార్థికి ఏడాదికి గరిష్ఠంగా 2,500 డాలర్లు. పన్ను సున్నా అయినా, ఇందులో 40 శాతం చేతికొస్తుంది. హాస్టల్, మెస్, బస్సు ఛార్జీలు, ఇన్సూరెన్స్ ఇందులోకి రావు.

రెండోది లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్. మాస్టర్స్ వాళ్లకీ, ఒకటి రెండు కోర్సులు చేసేవాళ్లకీ ఇదే దిక్కు. 10,000 డాలర్ల ఖర్చు వరకు 20 శాతం, అంటే ఇంటి మొత్తానికి 2,000. పన్ను లేకపోతే ఇందులో చేతికొచ్చేదేమీ ఉండదు.

కాలేజీ ఇచ్చే 1098-టి ఫారంలో ఒకటో గడిలో కట్టిన ఫీజు, ఐదో గడిలో స్కాలర్‌షిప్ ఉంటాయి. చెల్లి ఫారంలో 9,000, 6,500 ఉన్నాయి. మిగిలింది 2,500. పుస్తకాలకు 500 పెట్టింది. మొత్తం 3,000కి క్రెడిట్ 2,250. చెల్లికి ఎలాగూ పన్ను లేదు కాబట్టి అందులో 40 శాతం, అంటే ఆ 900 మాత్రమే వచ్చాయి. నిజానికి తన వయసులో, తండ్రి సంపాదన మీద చదువుకునే పిల్లకు ఆ 900 కూడా రాకూడదు. యాప్‌లో ఏదో ప్రశ్నకు జవాబు తప్పు కొట్టింది.

అదే బాబాయి రిటర్న్‌లో అయితే? పిన్నిదీ ఆయనదీ కలిపి ఆదాయం 1,30,000. జాయింట్‌గా వేసేవాళ్లకి 1,60,000 వరకు క్రెడిట్ పూర్తిగా వస్తుంది. అక్కడ్నుంచి తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఆయనకు 2,250 మొత్తం వస్తుంది. డిపెండెంట్ ఉన్నందుకు మరో 500.

ఇంకో చిన్న వెసులుబాటు కూడా ఉంది. స్కాలర్‌షిప్ షరతులు ఒప్పుకుంటే, అందులో కొంత హాస్టల్‌కి ఖర్చయిందని చూపించొచ్చు. అలా 1,000 డాలర్లు హాస్టల్ వైపు జరిపాం. ఆ వెయ్యి చెల్లి ఆదాయంలో కలిసింది. కలిసినా మొత్తం 7,000 మాత్రమే, పన్ను సున్నా. ఇటు ఫీజు లెక్క 4,000 అయ్యి, బాబాయి క్రెడిట్ 2,500కు చేరింది. డిపెండెంట్ క్రెడిట్‌తో కలిపి 3,000. ఇంటికి మూడు వేలు రావాల్సిన చోట, ఒక్క టిక్కు వల్ల వచ్చింది తొమ్మిది వందలు!

ఎలా సరిచేశాం?

చెల్లి 1040-ఎక్స్ ఫారంతో సవరణ రిటర్న్ వేసి, ఏప్రిల్ 15 లోపే 900 తిరిగి కట్టేసింది. బాబాయి ఐఆర్‌ఎస్ సైట్‌లో ఐపీ పిన్ తీసుకున్నాడు. ఈ ఆరంకెల పిన్ ఉంటే, డిపెండెంట్‌ని వేరొకరు ముందే చూపించేసినా ఆన్‌లైన్‌లో రిటర్న్ తీసుకోవడం ఆ ఏడాదే మొదలైంది. అంతకుముందైతే కాగితాలు పోస్టులో పంపాల్సిందే.

అన్ని ఇళ్లకూ ఇదే లెక్క కుదరదు. ఇద్దరూ ఐటీలో ఉండి ఆదాయం 1,80,000 దాటితే తల్లిదండ్రులకు క్రెడిట్ రానే రాదు. అప్పుడు అర్హత ఉన్నా పిల్లల్ని డిపెండెంట్‌గా చూపించకుండా వదిలేస్తే, ఇంటర్న్‌షిప్ జీతం మీద పన్ను పడ్డ పిల్లలు ఆ పన్ను మేరకు క్రెడిట్ వాడుకోవచ్చు. తల్లిదండ్రులు వదులుకునే 500 కన్నా అది ఎక్కువో కాదో చూసుకోవాలి.

నా తప్పు కూడా చెప్పేస్తా

చెల్లికి క్లాస్ పీకే అర్హత నాకేం లేదు. ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో "1098-టి ఉందిగా మామా, వెయ్యి డాలర్లు వస్తాయి" అని రూమ్మేట్ అంటే, నేనూ అదే క్రెడిట్ కొట్టేశా. వచ్చిన వెయ్యితో సెకండ్ హ్యాండ్ కారుకి టైర్లు వేయించుకున్నా. రెండు తప్పులు చేశానని తర్వాత తెలిసింది. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్నుల లెక్కలో నాన్ రెసిడెంట్లు. 1040-ఎన్‌ఆర్ వేయాలి, చదువు క్రెడిట్లు వర్తించవు. పైగా నాలుగేళ్ల బీటెక్ అయిపోయినవాడు 'మొదటి నాలుగేళ్ల' క్రెడిట్ అడగడమేంటి! సవరణ రిటర్న్ వేసి వడ్డీతో సహా కట్టా. నిర్లక్ష్యంగా తప్పు క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిట్‌కి దూరం పెడతారు. రేపు గ్రీన్ కార్డు దాకా వెళ్లాలనుకునేవాళ్లం, వెయ్యి డాలర్ల కోసం ఆ మచ్చ మనకెందుకు?

మన వాళ్లు గమనించాల్సిన కొత్త మార్పు ఇంకొకటుంది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 ఆదాయానికి వేసే రిటర్నుల నుంచి ఈ క్రెడిట్లకు సోషల్ సెక్యూరిటీ నంబర్ తప్పనిసరి. హెచ్-4 మీద ఉండి ఐటిన్ నంబర్‌తో నెట్టుకొస్తున్న కాలేజీ పిల్లలున్న ఇళ్లకి ఇది గట్టి దెబ్బే. ఇప్పటిదాకా వచ్చింది కదా అని వచ్చే ఏడాది బడ్జెట్‌లో దాన్ని కలుపుకోకండి.

ఆ శనివారం అంతా అయ్యాక చెల్లి నెమ్మదిగా అడిగింది. "నాన్నా, లోన్ ఎంత తీసుకున్నారు?" బాబాయి అంకె చెప్పాడు. ఇంట్లో ఆ మాట రావడం అదే మొదటిసారంట. కాసేపటికి చెల్లే, "నా జీతంలోంచి పుస్తకాలు నేను కొనుక్కుంటా" అంది. "కొనుక్కో తల్లీ, రసీదు మాత్రం నాకివ్వు, క్రెడిట్‌కి పనికొస్తుంది" అన్నాడాయన.

ఈ ఫిబ్రవరిలో మళ్లీ మెసేజ్ పెట్టింది. "అన్నయ్యా, నాన్న వేసేశాకే నేను వేస్తా. ఆ టిక్కు 'ఉంది' అనే కదా?"

అవును చెల్లీ, అదే. మీ ఇంట్లో కూడా కాలేజీకి వెళ్లేవాళ్లుంటే, సబ్‌మిట్ నొక్కే ముందు నాన్నకో ఫోన్ కొట్టండి.