పూమొగ్గ పుట్టే కొమ్మ ఏది? – విస్టీరియా, రాధామనోహరం తీగల పెంపకం, అదుపు

పెరటి తోటలలోని పూలతీగలను గురించి విస్తరణ శాస్త్రవేత్తల వద్దకు వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా రెండు రకాలు. తీగ ఏపుగా పెరిగినా పూయడం లేదన్నది ఒకటి. పూస్తున్నది గాని ఇంటి మీదికి పాకి అదుపు తప్పిందన్నది రెండవది. ఈ రెండింటికీ మూలం చాలావరకు కత్తిరింపులోనే ఉన్నది. పూమొగ్గ ఏ వయసు కొమ్మపై పుడుతుందో తెలియకుండా కత్తెర పట్టితే పూలు పోతాయి, తీగ మాత్రం మరింత విజృంభిస్తుంది. సమశీతోష్ణ దేశాల విస్టీరియాను, మన పెరళ్ళలోని రాధామనోహరాన్ని పోల్చి చూస్తే ఈ విషయం విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది.

విస్టీరియా స్వభావం

విస్టీరియా చిక్కుడు కుటుంబానికి చెందిన, శీతకాలంలో ఆకురాల్చే బహువార్షిక తీగ. దీని కాండం కాలక్రమంలో చెట్టు మానువలె లావెక్కి గట్టిపడుతుంది. తోటలలో ఎక్కువగా పెంచేవి చైనా జాతి, జపాన్ జాతి. చైనా జాతి కాండం ఆధారాన్ని అపసవ్య దిశలోను, జపాన్ జాతి కాండం సవ్య దిశలోను చుట్టుకుంటుంది. జపాన్‌లోని అషికాగా పూలవనంలో ఒకే తీగ సుమారు 1000 చదరపు మీటర్ల పందిరిని కప్పుతున్నది. కాలిఫోర్నియాలోని సియెర్రా మాడ్రే పట్టణంలో 1894లో నాటిన చైనా విస్టీరియా దాదాపు ఒక ఎకరం మేర విస్తరించింది. తాను అల్లుకున్న ఇల్లే దాని బరువుకు కూలిపోయింది.

చైనా జాతి 1816లో, జపాన్ జాతి 1830 ప్రాంతంలో అమెరికా చేరాయి. నేడు ఆ దేశపు ఆగ్నేయ రాష్ట్రాలలో ఇవి తోటలు దాటి అడవులలోకి వ్యాపించి, చెట్లను చుట్టి బిగించి, వాటికి ఎండ అందకుండా చేస్తున్నాయి. జార్జియా, ఉత్తర కరోలినా వంటి రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సలహా కోరితే, అక్కడి స్థానిక జాతియైన అమెరికన్ విస్టీరియాను సూచించడం మేలు. దాని పెరుగుదల నెమ్మది, వ్యాప్తి తక్కువ. సమశీతోష్ణ మండలపు మొక్కలైనందున ఇవి మన మైదాన ప్రాంతాల వేడికి అనువైనవి కావు.

విస్టీరియాలో కత్తిరింపు

విస్టీరియాలో పూమొగ్గలు ముందటి వేసవిలోనే, పొట్టి పక్కకొమ్మల మొదళ్ళలో ఏర్పడి శీతకాలమంతా నిద్రావస్థలో ఉంటాయి. అందువలన ఏటా రెండుసార్లు కత్తిరించాలి. జులై–ఆగస్టు నెలలలో కొరడాలవలె సాగిన కొత్త కొమ్మలను ఐదారు ఆకులు ఉంచి తుంచాలి. తిరిగి జనవరి–ఫిబ్రవరిలో అవే కొమ్మలను రెండు మూడు మొగ్గల వరకు కుదించాలి. శీతకాలంలో తీగ మొత్తాన్ని మొదలంటా నరికితే ఆ వసంతపు పూలు పూర్తిగా పోతాయి.

వేరుబుడిపెలలోని రైజోబియం గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది గనుక దీనికి నత్రజని ఎరువు అవసరం స్వల్పం. అధికంగా వేస్తే ఆకు పెరుగుతుందే గాని పూత రాదు. విత్తనపు మొక్క పూతకు రావడానికి పదేళ్ళకు పైగా పట్టవచ్చు. కనుక అంటు మొక్కనే నాటాలి.

రాధామనోహరంలో కత్తిరింపు

ఉత్తర భారతంలో మధుమాలతిగా పిలిచే రాధామనోహరం కరక్కాయ, తెల్లమద్ది చెట్ల కుటుంబానికి చెందినది. దీని పూలు సాయంకాలం తెల్లగా విచ్చుకొని, మరునాడు గులాబీ రంగుకు, తరువాత ఎరుపుకు మారుతాయి. తొలి రాత్రి నిశాచర శలభాలు, పగటివేళ తేనెటీగలు, పక్షులు వీటిని సందర్శిస్తాయి. రాలిన ఆకుల కాడల మొదళ్ళు గట్టిపడి కొక్కెపు ముళ్ళుగా మారి తీగ పైకి ఎగబాకడానికి తోడ్పడతాయి.

ఇక్కడ సూత్రం తలకిందులవుతుంది. రాధామనోహరం ఆ ఏటి కొత్త చిగుళ్ళ చివరలలోను, ఆకు గ్రీవాలలోను పూస్తుంది. కనుక పూత తగ్గిన చలికాలంలో, కొత్త చిగురు రాకముందు దీనిని గట్టిగా కత్తిరించవచ్చు. ఎండు కొమ్మలు, ఒకదానిపై ఒకటి పడ్డ కొమ్మలు తీసివేసి, నాలుగైదు ప్రధాన కాండాలను మాత్రమే పందిరిపై ఉంచాలి. వేసవి నడుమ కత్తిరిస్తే పూయవలసిన చిగుళ్ళే తెగిపోతాయి. విదేశీ తోటపని పుస్తకాలలోని విస్టీరియా సూచనలను చూసి ఈ తీగను నడివేసవిలో తుంచేవారు ఆ ఏటి పూతను తామే కోల్పోతారు. ఆపై పూత రాలేదని యూరియా వేస్తే సమస్య జటిలమవుతుంది.

అదుపు చర్యలు

రెండు తీగలకూ వేళ్ళ నుండి పిలకలు వస్తాయి. వాటిని పైపైన కోయక, మట్టి తవ్వి వేరు వద్దనే తీసివేయాలి. నేలను తాకిన కాండాలు కణుపుల వద్ద వేళ్ళూనుతాయి. కనుక కత్తిరించిన ముక్కలను తడి నేలపై వదలరాదు. మొక్కను గోడకు ఆనించి నాటరాదు. వాననీటి గొట్టాలు, విద్యుత్ తీగలు, పెంకుల కప్పు దరిదాపులకు పోనీయరాదు. వెదురు దడి కొన్నేళ్ళకే కుంగిపోతుంది. కాంక్రీటులో నాటిన ఇనుప గొట్టాల పందిరి శ్రేయస్కరం.

తీగను పూర్తిగా తొలగించదలిస్తే మొదలు నరికి ఊరుకోరాదు. వేళ్ళలో పిండిపదార్థపు నిల్వ ఉన్నంతకాలం చిగుళ్ళు వస్తూనే ఉంటాయి. ప్రతి చిగురునూ ఆకు విప్పకముందే తుంచుతూ పోతే ఆ నిల్వ క్రమంగా హరిస్తుంది. విస్టీరియా కాయలు ఎండినపుడు పగిలి గింజలను దూరంగా వెదజల్లుతాయి. ఆ గింజలు విషపూరితాలు. పిల్లలున్న ఇళ్ళలో కాయలను ముదరక ముందే కోసివేయాలి.

విస్తరణ సిబ్బంది పూలతీగపై సలహా ఇచ్చే ముందు మూడు విషయాలు విచారించాలి: తీగ ఏది, అది ఏ వయసు కొమ్మపై పూస్తుంది, చివరిసారి ఏ నెలలో కత్తిరించారు. వీలైతే ఒక పూగుత్తిని కొమ్మతో సహా తెప్పించి చూడాలి. గుత్తి పచ్చని లేత చిగురు చివర ఉన్నదా, బెరడు కట్టిన పాత కొమ్మను అంటిపెట్టుకొని ఉన్నదా అన్నది గమనిస్తే, ఎప్పుడు కత్తిరించాలో అక్కడికక్కడే చెప్పవచ్చు.